కండక్టరు కృపానిధి నోరు

అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుసందులో నాగూర్ మీరా టీ కొట్టు ఉంది. కొట్టు ముందు రెండు బల్లలుంటాయి. రోడ్డు వైపు బల్ల మీద పొద్దున్న టిఫిన్ల వేళ దాటాక ఒక మనిషి కూర్చుని, ఊళ్లో అందరి తెలివితక్కువతనాన్నీ తూకం వేస్తుంటాడు. ఆయన పేరు కృపానిధి. తల్లిదండ్రులు ఏ ఆశతో ఆ పేరు పెట్టారో గాని, ఆయన నోటికి ఆ పేరుతో ఏ సంబంధమూ లేదు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మునగపాక మీదుగా వెళ్లే బస్సు, బుచ్చయ్యపేట బస్సు, ఈ రెండింట్లోనే ఉద్యోగమంతా గడిచిపోయింది. టిక్కెట్టు తీసుకోనివాణ్ణి వెనక నుంచి చూసినా పోల్చగలడు. ఒకడు నిద్ర నటిస్తాడు. ఒకడు చెరకు తోటల్ని పుట్టి బుద్ధెరిగి చూడనట్టు కిటికీలోంచి చూస్తాడు. ఇంకొకడు పెద్ద నోటు ఆడిస్తూ చిల్లర లేదంటాడు. ఇన్ని వేషాలు పట్టుకున్నాడు కాబట్టి తనని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. బస్సులో దొంగ కళ్లెదురుగా కూర్చుంటాడు, ఫోన్లో దొంగ ఏ రాష్ట్రంలో కూర్చున్నాడో వాణ్ణి కన్నతల్లికి కూడా తెలీదు. ఇంత చిన్న తేడా ఆయన బుర్రకి ఎక్కలేదు.

మోసపోయినవాళ్ల గురించి ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. "ఆశుండాలి, లేపోతే బుర్ర లేకుండుండాలి. మూడో రకం ఉండదు బావా," అనేవాడు. పేపర్లో సైబర్ మోసం వార్త పడితే చాలు, ఆ రోజు ఆయనకి పండగే. మోసపోయినవాడి గొంతు, నడక, ఏడుపు, అన్నీ తనే కల్పించి ఆడి చూపించేవాడు. చివర్లో కండక్టరు గొంతు పెట్టి, "దిగు, నీ స్టేజీ వచ్చీసింది," అని ముగించేవాడు. బల్లల మీదున్నవాళ్లు టీ ఒలికేలా నవ్వేవారు. నవ్వు ఉన్నచోట ఇంకో టీ అమ్ముడవుతుంది కాబట్టి నాగూర్ మీరా కూడా ఏమీ అనేవాడు కాదు.

ఆయన ఆటల్లో అన్నిటికంటే బాగా ఆడింది త్రినాధరావు కథ. త్రినాధరావు బెల్లం మార్కెట్లో గుమస్తా. నెమ్మదస్తుడు, పోలీసు జీపు కనిపిస్తే తప్పేమీ చెయ్యకపోయినా పక్కకి జరిగి నిలబడే రకం. అతనికి ఒకరోజు ఫోనొచ్చింది. నీ పేరు మీద పార్సిల్లో మత్తుమందు దొరికింది, నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఎవరికైనా చెబితే కేసు ఇంకా బిగుస్తుంది అన్నారు. ఏ దేశంలోనూ, ఏ చట్టంలోనూ అలాంటి అరెస్టు లేదు. ఎక్కడో గదిలో పైన ఖాకీ చొక్కా, కింద లుంగీ కట్టుకున్న ఒక వెధవ దబాయిస్తే, ఈ పెద్దమనిషి రోజంతా కెమెరా ముందు కూర్చుని, కూతురి చదువుకని దాచినదంతా వాడి ఖాతాలోకి పంపాడు.

కృపానిధికి ఈ కథ దొరకడమంటే రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే. బల్ల మీద నిటారుగా కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదురుగా గ్లాసుని ఫోనులా నిలబెట్టి, "సార్, ఒంటేలుకెల్లొచ్చా సార్," అని వణికేవాడు. ఒకరోజు అలా వణుకుతున్నప్పుడు త్రినాధరావు సైకిల్ మీద ఆ సందులోంచే వెళ్తున్నాడు. ఆగలేదు, తల తిప్పలేదు. ఆ మర్నాటి నుంచి మార్కెట్‌కి చుట్టు తిరిగి వేరే దారిన వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకడి ఇల్లు కాలుతుంటే ఇంకొకడు చుట్టకి నిప్పడిగాడని సామెత. కృపానిధి నిప్పడగడంతో ఆగలేదు, ఆ మంట దగ్గర పదిమందిని పోగేసి చలి కాచుకున్నాడు.

ఈ ఆటలు టీ కొట్టుతో అయిపోయేవీ కావు. మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని భార్య కోసం మళ్లీ ఆడేవాడు. ఆమె పేరు లూర్దు మేరీ. ఆమెకి నవ్వు వచ్చినా రాకపోయినా నవ్వేది. పెళ్లయిన కొత్తలోనే ఆ అలవాటు చేసుకుంది.

లూర్దు మేరీ పుట్టిల్లు తుమ్మపాల. వాళ్లది కేథలిక్కు కుటుంబం, నాన్న చెరకు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కృపానిధి వాళ్లది వేరే చర్చి. పెళ్లయ్యాక ఆమె జపమాల తీసి పెట్టెలో పెట్టింది గాని పేరు మార్చుకోలేదు. ఆ పేరు మూలాన ఈ చర్చిలో ఆడవాళ్లు చాలాకాలం ఆమెని చుట్టంలా చూశారు. అంటే కుర్చీ వేసేవారు, పని చెప్పేవారు కాదు. ఇంట్లోనూ అంతే. పాలవాడికిచ్చే డబ్బులు కూడా కృపానిధి తనే లెక్కపెట్టి, చిల్లర గలగలలాడించి ఇచ్చేవాడు. కండక్టరు సంచీ రిటైరయ్యాక కూడా ఆయన భుజం దిగలేదు.

ఆ చర్చిలో ఆడవాళ్లకి గుప్పెడు బియ్యం అని ఒక ఆనవాయితీ ఉంది. రోజూ వంటకి బియ్యం కొలిచాక, ఎసట్లో పొయ్యకముందే ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. నెలాఖరు ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెస్తారు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు స్త్రీల సమాజానిది. అందులో మగవాళ్ల పెత్తనం ఉండదు. ఈ డబ్బుకి కోశాధికారిగా కొన్నేళ్ల కిందట లూర్దు మేరీని ఎన్నుకున్నారు. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి చేతికి, కట్టుకున్న మొగుడే చిల్లర నమ్మని చేతికి, అంతమంది ఆడవాళ్ల గుప్పెళ్లు అప్పగించారు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి ఎవరూ చూడకుండా ఏడ్చింది.

ఆ డబ్బుతో చర్చి వెనకాల ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి, ఒక కుళాయి కట్టించాలని అనుకున్నారు. ఆరాధన మూడు గంటలు సాగుతుంది. షుగరున్న ముసలమ్మలు ఆదివారం పొద్దున్న నీళ్లు తాగడం మానేసి వచ్చి కూర్చుంటారు. మగ పెద్దలు చందాలు పోగేసి గేటుకి రంగురంగుల లైట్ల ఆర్చి పెట్టించారే గాని ఈ సంగతి ఒక్కడి బుర్రకీ తట్టలేదు. అందుకే ఆడవాళ్లు తమ బియ్యం మీద తామే ఆధారపడ్డారు.

అలాంటి చర్చికి ఒక ఆదివారం బ్రదర్ క్రాంతికుమార్ అనేవాడు సూటు వేసుకుని వచ్చాడు. విశాఖపట్నం నుంచి వచ్చానన్నాడు, సాక్ష్యం చెప్పుకుంటానన్నాడు. సాక్ష్యమంటే దేవుడు తనకి చేసిన మేలు పదిమందిలో నిలబడి చెప్పుకోవడం. రోగం తగ్గినవాళ్లు, తాగుడు మానినవాళ్లు చెప్పుకుంటారు, విన్నవాళ్లు స్తోత్రం అంటారు. కోర్టులో సాక్షినైనా ఎదురు ప్రశ్నలు వేస్తారు, చర్చిలో సాక్షిని ఎవరూ అడగరు. అడగడం అవిశ్వాసం. ఈ సంగతి క్రాంతికుమార్‌కి పాస్టరు గారికంటే బాగా తెలుసు.

వాడు తలాంతుల ఉపమానం ఎత్తుకున్నాడు. ఆదివారం బడికెళ్లిన ప్రతి పిల్లకీ తెలిసిన కథే. యజమాని ఊరెళ్తూ సేవకులకి తలాంతులనే డబ్బు అప్పజెబుతాడు, వ్యాపారం చేసి రెట్టింపు చేసినవాళ్లని మెచ్చుకుంటాడు, భయపడి నేలలో పాతిపెట్టినవాణ్ణి బయటికి తోలేస్తాడు. "బ్యాంకులో పడుకోబెట్టిన డబ్బు పాతిపెట్టిన తలాంతే అమ్మా," అని క్రాంతికుమార్ ఆడవాళ్ల వైపు తిరిగి అన్నాడట. తను అప్పుల్లో మునిగి ఉండగా దేవుడు తలాంతు కాయిన్ అనే ఫోన్ పెట్టుబడి చూపించాడని, ఇప్పుడు కారుందని, ఆ కారు బయటే ఉందని, కావలసినవాళ్లకి వాట్సాప్‌లో లింకు పంపుతానని చెప్పాడు. ముందు వరస మగ పెద్దలు అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నారు. ఆ కథలో యజమాని డబ్బిచ్చాడే గాని వాట్సాప్‌లో లింకు పంపలేదని ఒక్కరికీ తోచలేదు. కృపానిధి ఆ పూట అక్కడ లేడు. ఆయన క్రిస్మస్‌కీ, సమాధులకీ తప్ప చర్చికి వెళ్లే మనిషి కాదు.

ఆ తర్వాత జరిగినవన్నీ ఆయనకి ఆలస్యంగా తెలిసినవే. మనకి ముందే తెలిస్తే నష్టం లేదు.

లూర్దు మేరీని ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అందులో ఎవరెవరో సిస్టర్లు, బ్రదర్లు రోజూ ఇవాళ నా తలాంతు ఇంత పెరిగింది, దేవునికి మహిమ అని పెట్టేవారు. వాళ్లలో సగంమంది మనుషులే కారని, ఒకే గదిలో ఒకే దొంగ పది ఫోన్లు పట్టుకుని పెడుతున్నాడని ఆమెకెలా తెలుస్తుంది? యాప్ ప్లేస్టోర్‌లో దొరకదు, లింకు నొక్కి దించుకోవాలి అన్నారు. ముందు తన కుట్టుకూలిలోంచి కొంచెం వేసింది. నాలుగు రోజుల్లో పెరిగినట్టు కనిపించింది. అనుమానం కొద్దీ వెనక్కి తీసి చూసింది, నిజంగానే బ్యాంకులో పడింది. చేపకి మొదటి ఎర ఎప్పుడూ ఊరికే పెడతారు. అప్పుడు ఆమెకి ముసలమ్మల మరుగుదొడ్డి గుర్తొచ్చింది. ఇంకో రెండేళ్లు గుప్పెళ్లు పోగైతే గాని పని మొదలవదు, ఇలా వేస్తే వేసంగికల్లా కట్టించొచ్చు అనుకుంది. పాతిపెట్టిన సేవకుడి మాట కూడా చెవిలో తిరుగుతూ ఉంది. గుప్పెడు బియ్యం డబ్బంతా అందులో వేసింది.

తాపీమేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వాలని తియ్యబోతే యాప్ ముందు టాక్సు కట్టమంది. తన దగ్గరున్నది కట్టింది. కట్టాక ఇంకో ఫీజు అడిగింది. అంతలో గ్రూపు మాయమైంది, క్రాంతికుమార్ ఫోను ఎత్తడం మానేశాడు. అది సోమవారం పొద్దున్న. కృపానిధి టీ కొట్టు దగ్గరున్నాడు.

ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక గొంతు వినిపించేది కదా, సైబర్ మోసం జరిగితే వెంటనే పంతొమ్మిది వందల ముప్పైకి ఫోన్ చెయ్యండి అని. విసుగొచ్చి కట్ చేసుకునే ఆ గొంతు ఆమెకి ఆ పూట గుర్తొచ్చింది. ఆ నెంబరు నొక్కింది. మోగకముందే తీసేసింది. ఫోన్ చేస్తే పోలీసులొస్తారు, పోలీసులొస్తే ఇంట్లో తెలుస్తుంది, ఇంట్లో తెలిస్తే టీ కొట్టులో తెలుస్తుంది. అక్కడ తన గొంతుని, తన ఏడుపుని, తన తుమ్మపాల యాసని మొగుడు గ్లాసు ముందు ఎలా ఆడి చూపిస్తాడో ఆమె కళ్లకి కట్టినట్టు కనిపించింది. ముప్పయ్యేళ్లుగా ఆ ఆటకి మొదటి బల్ల ఆమెదే.

ఆ సాయంత్రం కృపానిధి మంచి హుషారుగా ఉన్నాడు. అన్నం ముందు కూర్చుని త్రినాధరావుని మళ్లీ ఆడాడు. ఒంటేలు దగ్గర ఆమె నవ్వలేదు. ఆయన గమనించాడు గాని, ఎందుకని అడగలేదు. పెరుగు అడిగాడు.

రెండు రోజులు ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని చక్రం తిప్పకుండా గడిపింది. బుధవారం ఉండలేక సమాజం ఆడవాళ్లకి చెప్పేసింది. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు, ఒకరిద్దరు తామూ సొంత డబ్బు అందులో వేశామని అప్పుడు ఒప్పుకున్నారు. తేలు కుట్టిన దొంగల్లా అంతవరకూ వాళ్లూ మూలుగైనా బయటపెట్టకుండా ఊరుకున్నారు. అందరూ కలిసి ఒక్క విషయంలో ఒకే మాట మీద నిలబడ్డారు. కృపానిధికి చెప్పకూడదు. వాళ్ల మొగుళ్లకి తెలిసింది, మొగుళ్ల ద్వారా నాగూర్ మీరాకి తెలిసింది. ఊరంతటికీ తెలిసి ఆయనొక్కడికే తెలీకుండా ఉండిపోయింది.

శనివారం పొద్దున్న బంగారయ్య అనే ఆటోవాడు టీకి వచ్చాడు. బైపాస్ దగ్గర ఉండే మనిషి, అప్పుడప్పుడూ వచ్చి కృపానిధి ఆటలు చూసిపోతాడే గాని ఈ సందు సంగతులు అంతగా తెలీవు. ఊళ్లో ఏదో చర్చిలో ఒకామె పదిమంది డబ్బు కాయిన్లో పోసేసిందట, విన్నావా మామా అని అన్నాడు. ఏ చర్చి అని కృపానిధి అడిగాడు. తనకీ తెలీదు, ఆటోలో ఎవరో అనుకుంటుంటే విన్నానన్నాడు.

ఇంక ఆగుతాడా? గ్లాసు నిలబెట్టాడు. కొంగు తల మీద కప్పుకున్నట్టు తువ్వాలు కప్పుకున్నాడు. సన్నటి గొంతుతో ప్రార్థన చేశాడు, ఫోను కళ్లకద్దుకున్నాడు, కాయిన్ పెరగాలని స్తోత్రం చెప్పాడు, పోయాక ముక్కు చీదాడు. ఆశకి ఆశ, బుర్రలేమికి బుర్రలేమి, రెండు రకాలూ ఒక్క మనిషిలోనే దొరికాయని ముచ్చటపడ్డాడు. బంగారయ్య ఒక్కడే నవ్వుతున్నాడు. మిగతావాళ్లు గ్లాసుల్లోకి చూస్తున్నారు. ఆట రక్తి కట్టలేదేమోనని కృపానిధి ఏడుపు ఇంకొంచెం పెంచాడు.

నాగూర్ మీరా పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆయన తల మీది తువ్వాలు తీసి భుజం మీద వేశాడు.

"సాలు బావా. ఇంటికెల్లు. మా సెల్లెమ్మ వారం నుంచి అన్నం తిన్నాదో లేదో సూడు."

మునగపాక రోడ్డు మీద బస్సు గతుకులో పడితే నిలబడ్డ కండక్టరు ఎలా పడతాడో ఆయన అలా కూలబడ్డాడు. ఎవరూ పల్లెత్తు మాట అనకపోవడమే ఆయనకి భరించరానిదిగా ఉంది. తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని, టీ డబ్బులు ఇవ్వడం కూడా మర్చిపోయి ఇంటికి నడిచాడు.

లూర్దు మేరీ మిషను దగ్గరే ఉంది. ఆయన మొహం చూసి తెలిసిపోయిందని గ్రహించింది. కృపానిధి ముందు అరిచాడు. అరవడం ఒక్కటే ఆ క్షణంలో ఆయనకి వచ్చిన విద్య. ఎవడో సూటేసుకుని వస్తే నమ్మేస్తావా, నన్నొక మాట అడగొద్దా, ఇంట్లో నేను లేనా, చచ్చిపోయానా అన్నాడు. ఆమె అన్నీ విన్నది. చివరికి ఆయన, "పోయిన రోజే నాకేల సెప్పలేదు?" అన్నాడు.

"సెప్తే మీరేటి సేద్దురు?" అంది లూర్దు మేరీ. "త్రినాధరావు గారిని సేసినట్టే సేద్దురు. సోమవారం పొద్దున్న ఫోన్ సేతిలో పట్టుకుని కూకున్నాను. నెంబరు నొక్కేను కూడా. దొంగోడికి భయపడి ఆగలేదండి. మీ నోటికి భయపడి ఆగిపోయేను."

టీ కొట్టు ముందు ఇప్పుడే కృపానిధి ఆడి వచ్చిన ఆట ఆమెకి తెలీదు. తెలీకూడదని ఆ క్షణంలో దేవుణ్ణి వేడుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన మనస్ఫూర్తిగా చేసిన ప్రార్థన అదొక్కటే. అదీ ఫలించలేదు, సాయంత్రానికల్లా ఎవరో ఆమె చెవిన వేసేశారు.

ఆ పూటే 1930కి ఫోన్ చేశారు, ఆపైన స్టేషన్‌కి వెళ్లారు. తలుపులమ్మ అనే కానిస్టేబులు ఫిర్యాదు రాసుకుంది. తిట్టలేదు, నవ్వలేదు, ఇంత బుద్ధిలేదా అనలేదు. ఫోన్లో మెసేజీలు చెరిపెయ్యొద్దంది. డబ్బెళ్లిన నెంబర్లు, తేదీలు ఒక్కొక్కటే అడిగింది. సోమవారం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆపి, ఇన్నాళ్లు ఎందుకాగారని అడిగింది. లూర్దు మేరీ నేల చూపులు చూసింది. కుర్చీలో ఇటూ అటూ కదిలి, గొంతు సవరించుకుని, "నా వల్లేనమ్మా," అన్నాడు కృపానిధి. ఇది రాసుకోవాలా అన్నట్టు తలుపులమ్మ ఆయన మొహంలోకి చూసింది.

మరుసటి వారం తలుపులమ్మే ఫోన్ చేసి చెప్పింది. డబ్బు వేరే రాష్ట్రంలో ఎవరో కూలివాడి పేరు మీదున్న ఖాతాలో బుధవారం దాకా కదలకుండా ఉంది. ఆ తర్వాత ముక్కలై ఎక్కడెక్కడికో పోయింది. పోయిన గంటలోనే చెయ్యాల్సిన ఫోన్ అది, పోనీ ఆ సోమవారమైనా వచ్చి ఉంటే ఆ ఖాతాని అక్కడే కట్టేసి ఉండేవాళ్లమంది. ఇప్పుడు అడుగున మిగిలిన చిల్లర దొరికితే దొరకొచ్చునట. చిల్లర అన్న మాటకి కృపానిధి కళ్లు మూసుకున్నాడు.

చర్చి కమిటీ కూర్చుంది. సూటువాడి సాక్ష్యానికి ముందు వరసలో స్తోత్రం అరిచిన పెద్దలే ఇప్పుడు మొహాలు ముడుచుకుని కూర్చున్నారు. వాణ్ణి చర్చిలోకి ఎవరు రానిచ్చారన్న ప్రశ్న ఎవరూ ఎత్తలేదు. పరాయి చర్చి నుంచి వచ్చిన కోడల్ని నమ్మితే ఇంతేనని ఒకాయన నోరు జారాడు. లూర్దు మేరీని కోశాధికారి పని నుంచి తప్పించారు. కృపానిధి తన రిటైర్మెంటు సొమ్ములోంచి డబ్బు పూర్తిగా కట్టేస్తానన్నాడు, కట్టేశాడు కూడా. మరుగుదొడ్డికి పునాది తీశారు. ఆమె పని మాత్రం ఆమెకి తిరిగి రాలేదు. ఇప్పటికీ గుప్పెడు తీసి డబ్బాలో వేస్తుంది, నెలాఖరున తీసుకెళ్లి వేరేవాళ్ల చేతికిచ్చి వచ్చేస్తుంది. ఆ క్రాంతికుమార్ ఇప్పుడు ఏ జిల్లాలో ఏ ఉపమానం చెప్పుకు తిరుగుతున్నాడో. వాణ్ణి తిట్టడానికి ఈ కథలో ఉన్న చోటు చాలదు.

ఇంత జరిగాక కృపానిధికి బుద్ధి వచ్చి ఉంటుందనుకుంటాం. రాలేదు. నెల తిరక్కుండా ఆయనకే ఒక ఫోనొచ్చింది. సైబర్ విభాగం లాయర్ని, మీ పోయిన డబ్బు పట్టుకున్నాం, ఫైలు కదలడానికి ఫీజు కడితే రేపే మీ ఖాతాలో పడుతుంది అన్నాడు. ఎంత పోయిందో రూపాయి తేడా లేకుండా చెప్పాడు. దోచుకున్నవాడికి కాక ఆ లెక్క ఇంకెవడికి తెలుస్తుంది? ఆ మాత్రం ఆలోచన, వెనక నుంచి చూసి దొంగని పోల్చే మనిషికి తట్టలేదు. భార్య పోగొట్టింది తాను తెచ్చి చూపించాలని ఉబలాటపడిపోయాడు. ఫోన్లో అంకె కొట్టేశాడు, పిన్ను కొట్టడానికి కళ్లజోడు కోసం వెతుకుతున్నాడు.

లూర్దు మేరీ మిషను ఆపి, ఎవరికని అడిగింది. ఆయన గర్వంగా చెప్పాడు.

"పోయింది తెచ్చిచ్చేవోడు ముందుగా డబ్బులడగడండి," అంది ఆమె. "టాక్సని నేనొక పాలి కట్టేను కదా."

ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని కట్ చేసి, ఫ్రిజ్ మీద పెట్టి, మళ్లీ వచ్చి మిషను తొక్కింది. దిగండి, మీ స్టేజీ వచ్చిందని ఆమె అనొచ్చు. అనడానికి ఆమెకంటే హక్కున్నవాళ్లు లేరు. అనలేదు. కృపానిధి అప్పటికి దొరికిన కళ్లజోడుని తుడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆశా, బుర్ర లేకపోవడమా, తను ఏ రకమో తేల్చుకోలేకపోయాడు. భార్య ఏ రకమో అంతకంటే తేల్చుకోలేకపోయాడు. ఆయన సిద్ధాంతంలో రెండే సీట్లు ఉన్నాయి, ఆమెకి సరిపోయే సీటు లేదు.

కొన్ని రోజులకి మళ్లీ టీ కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకరోజు బల్ల మీద కూర్చుని, గ్లాసు నిలబెట్టకుండా, గొంతు మార్చకుండా, తన ఇంట్లో జరిగిందీ, లాయర్నన్నవాడి చేతిలో తాను పడబోయిందీ చెప్పుకున్నాడు. కథ చప్పగా ఉంది. ఎవరూ నవ్వలేదు, ఇంకో టీ ఎవరూ చెప్పలేదు. త్రినాధరావు అయితే ఇప్పటికీ ఆ సందులోకి రాడు. కృపానిధి ఒకసారి బెల్లం మార్కెట్ దాకా వెళ్లి, దిమ్మల వెనకాల అతను కనబడగానే ఏం చెప్పాలో తెలీక వెనక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత ఒక మంగళవారం, గిరాకీ బాగా ఉన్న వేళ, నాగూర్ మీరా పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా పొయ్యి దగ్గర నిలబడిపోయాడు. పాలు మాడిన వాసనకి అందరూ తలలెత్తారు. అతను పొయ్యి ఆపి, కృపానిధి పక్కకొచ్చి బల్ల చివర కూర్చున్నాడు. కొట్టు పెట్టిన ఇన్నేళ్లలో అతను ఆ బల్ల మీద కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"బావా, ఇందాక కరెంటాఫీసు నుంచని ఫోనొచ్చింది," అన్నాడు మెల్లిగా. "బిల్లు కట్టలేదు, కొట్టుకి లైను తీసెత్తామన్నారు. ఏదో యాప్ ఏసుకోమన్నారు, ఏసుకున్నాను. మా ఆడది రజియా గాజులు కుదువెట్టి తెచ్చిన డబ్బంతా పోయింది. ఇంట్లో ఇంకా సెప్పలేదు. ఎవరికీ సెప్పలేదు."

కృపానిధి నాలుక చివరికి మాట వచ్చేసింది. ముప్పయ్యేళ్ల అలవాటు, పిలవకుండానే వచ్చింది. కరెంటాఫీసువాడు ఫోన్ చేసి బతిమాలే రోజులు ఎప్పుడొచ్చాయి బావా, అన్న మాట. అంత చక్కటి మాట ఈ మధ్య ఆయనకి తట్టలేదు. దాన్ని కషాయంలా మింగాడు.

"ఎంతసేపైంది?" అని అడిగాడు.

"గంట కూడా అవలేదు."

అతని చేతిలోంచి ఫోను లాక్కుని నెట్ ఆపేశాడు. తన ఫోన్ తీసి 1930 నొక్కాడు. ఎదుటి బల్ల మీద బంగారయ్య సంగతంతా విన్నాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, కండక్టరు గొంతు పెట్టి, "దిగు మీరా, నీ స్టేజీ వచ్చీసింది," అన్నాడు. రెండు బల్లలూ గొల్లుమన్నాయి. నాగూర్ మీరా తల కిందికి వాలిపోయింది, లేచి పొయ్యి దగ్గరికి పోబోయాడు.

ఆ మాట, ఆ గొంతు, ఆ సాగదీత, అన్నీ కృపానిధివే. ఇన్నేళ్లూ తాను అన్నప్పుడు అది చెవికి ఎలా తగులుతుందో ఆయన మొదటిసారి విన్నాడు. ఎడం చేత్తో నాగూర్ మీరా మణికట్టు పట్టుకుని, లేవనివ్వకుండా బల్ల మీదే కూర్చోబెట్టాడు. అవతల ఫోనెత్తారు.

"అవునండి, అనకాపల్లి నుంచండి," అన్నాడు. "మా బావకండి. ఇప్పుడే పోయేయండి, గంట కూడా అవలేదండి. నా పక్కనే ఉన్నాడు, సెప్తాడు, రాసుకోండి."